దొంగచెవికి లెక్క ఉందా?

"ఈ తీగమీద పంపిన మాట ఎవరూ వినలేరు." "ఎవరైనా వింటే వెంటనే తెలిసిపోతుంది." క్వాంటం సమాచార ప్రసారం గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా ఈ రెండు మాటలూ ఏదో ఒక రూపంలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఎవరూ వినలేని తీగే అయితే, వినేవాణ్ణి పట్టుకోవడమన్న ప్రశ్నే రాదు కదా! నిజానికి మొదటి మాట తప్పు. రెండో మాట నిజమే గాని, షరతులున్న నిజం. ఆ షరతులు వార్తలో ఉండవు. హైదరాబాదులో జరిగిన ఒక ప్రయోగం గురించిన ప్రకటనను ముందుంచుకుని ఆ షరతులేమిటో, అటువంటి ప్రకటనను సైన్సు విద్యార్థి ఎలా చదవాలో చూద్దాం.

రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ డి.ఆర్.డి.ఓ. 2020 డిసెంబరు 9న ఆ ప్రకటన చేసింది. హైదరాబాదులోని తన రెండు ప్రయోగశాలలు డి.ఆర్.డి.ఎల్., రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌ల మధ్య, ఆప్టికల్ ఫైబర్ మీద, క్వాంటం పద్ధతిలో రహస్య కీని పంపి చూపామన్నది దాని సారాంశం. ఈ సాంకేతికతను బెంగుళూరులోని కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రమూ, ముంబయిలోని యువశాస్త్రవేత్తల క్వాంటం ప్రయోగశాలా అభివృద్ధి చేశాయి. దూరం 12 కిలోమీటర్ల పైన. దారిలో కాంతి నష్టం 10 డెసిబెల్స్. కాలాన్ని పికోసెకండ్ల కచ్చితత్వంతో కొలిచారు. ఒక్కొక్క ఫోటాన్ రాకను గుర్తించడానికి అవలాంచ్ రకం డిటెక్టర్లు వాడారు. సెకనుకు కిలోబిట్ల స్థాయిలో కీ తయారైంది. దోషశాతం 'తక్కువ'గా ఉంది. మూడో మనిషి సమాచారం రాబట్టబోతే కనిపెట్టగల శక్తిని కూడా పరీక్షించి నిర్ధారించారు.

ఈ చివరి రెండు వాక్యాలను గుర్తు పెట్టుకోండి. మన విమర్శ అంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఈ క్వాంటం తీగమీద వెళ్లేది సందేశం కాదు. అర్థం పర్థం లేని 0, 1 అంకెల వరుస మాత్రమే. ఆ వరుస ఇద్దరి దగ్గరా ఒకేలా ఉండి, మూడోవాడి దగ్గర లేకపోతే దాన్ని 'కీ'గా వాడుకుంటారు. అసలు సందేశాన్ని ఆ కీతో రహస్య లిపిలోకి మార్చి మామూలు తీగమీదే పంపుతారు. కీ తయారవుతుండగా దొంగచెవి పడిందని తేలితే ఆ అంకెలను పారేస్తారు. పోయింది అర్థం లేని అంకెలే, రహస్యమేమీ బయటపడలేదు. ఈ పద్ధతిలోని అసలు తెలివి ఇదే. వార్తల్లో తరచుగా మాయమయ్యేది కూడా ఇదే.

ఈ ఆలోచన పుట్టిన కథలో మన దేశానికీ కాస్త చోటుంది. ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన చార్లెస్ బెన్నెట్, మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన జిల్ బ్రసార్డ్ ఈ పద్ధతిని వివరించిన పత్రం 1984 డిసెంబరులో బెంగుళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ కంప్యూటర్ సదస్సు సంపుటిలోనే వెలువడింది. అందుకే ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు, ఆ సంవత్సరం కలిపి దీన్ని 'బి.బి. 84' అంటారు.

పుస్తకాల్లో ఆలిస్, బాబ్, ఈవ్ అనే ముగ్గురుంటారు. మనం రమ, గోపి, వేగు అనుకుందాం. రమ ఒక్కొక్క ఫోటాన్‌నూ గోపికి పంపుతుంది. ప్రతి ఫోటాన్ మీదా ఒక బిట్‌ను రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానిలో ఎక్కిస్తుంది. మొదటి పద్ధతిలో కాంతి ధ్రువణ దిశ నిలువుగా ఉంటే 1, అడ్డంగా ఉంటే 0. రెండో పద్ధతిలో కుడివైపు ఏటవాలుగా ఉంటే 1, ఎడమవైపు ఏటవాలుగా ఉంటే 0. ఏ బిట్ పంపాలో, ఏ పద్ధతి వాడాలో రెండూ బొమ్మా బొరుసూ వేసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. గోపి కూడా ప్రతి ఫోటాన్‌నూ ఏ పద్ధతిలో కొలవాలో యాదృచ్ఛికంగానే ఎంచుకుంటాడు. ఇద్దరి పద్ధతులూ కలిస్తే గోపికి సరైన బిట్ వస్తుంది. కలవకపోతే వచ్చేది గుడ్డి జవాబు, సగం సార్లు 0, సగం సార్లు 1. తరవాత ఇద్దరూ మామూలు ఫోన్‌లోనే, అందరూ వింటుండగా, ఏ ఫోటాన్‌కు ఏ పద్ధతి వాడారో చెప్పుకుంటారు. బిట్ ఏమిటో మాత్రం చెప్పరు. పద్ధతులు కలవనివి తీసేస్తే సుమారు సగం మిగులుతాయి. దీన్ని 'జల్లించిన కీ' అంటారు. పిండిలో నూక తీసేసినట్టన్న మాట. ఈ మాటతో కాసేపట్లో మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు దారిలో వేగు కూర్చున్నాడు. ఫోటాన్‌ను కాపీ తీసుకుని అసలుది గోపికి వదిలేద్దామంటే కుదరదు. తెలియని క్వాంటం స్థితికి ప్రతి తీయడం సాధ్యం కాదని 1982లో వూటర్స్, జురెక్‌లూ, విడిగా డీక్స్ నిరూపించారు. కనుక వేగు ఫోటాన్‌ను తనే కొలిచి, తనకు వచ్చిన జవాబు ప్రకారం కొత్త ఫోటాన్‌ను తయారుచేసి గోపికి పంపాలి. రమ వాడిన పద్ధతి అతనికి తెలియదు కాబట్టి సగం సార్లు తప్పు పద్ధతి ఎంచుకుంటాడు. తప్పు పద్ధతిలో వెళ్లిన ఫోటాన్‌ను గోపి సరైన పద్ధతిలో కొలిచినా సగం సార్లు తప్పు బిట్ వస్తుంది. సగంలో సగం, అంటే జల్లించిన కీలో 25 శాతం తప్పులు! రమ, గోపి కొన్ని బిట్లను బయటపెట్టి పోల్చి చూసుకుంటే గుట్టు రట్టవుతుంది. 10 బిట్లు పోలిస్తే వేగు తప్పించుకునే అవకాశం సుమారు 5.6 శాతం. 20 పోలిస్తే 0.3 శాతం. 50 పోలిస్తే 17 లక్షల్లో ఒక్కసారి.

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. చాలా వార్తలు, వ్యాసాలు కూడా ఇక్కడితో ముగుస్తాయి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

వేగు అన్ని ఫోటాన్లనూ పట్టుకోవాలని ఎక్కడుంది? 25 ఫోటాన్లలో ఒక్కదాన్నే పట్టుకున్నాడనుకోండి. అతనివల్ల వచ్చే తప్పులు 1 శాతమే. మరి అసలు ఎవరూ వినకపోయినా తీగలో తప్పులు వస్తాయి. డిటెక్టర్ కాంతి పడకుండానే ఒక్కోసారి మోగుతుంది. పరికరాల అమరిక వెంట్రుకవాసి తప్పుతుంది. మంచి పరికరాల్లో కూడా ఒకటి, రెండు శాతం తప్పులు మామూలే. అప్పుడు ఆ 1 శాతం దొంగదా, దుమ్ముదా?

నేనిది బిలాస్‌పూర్ పొలిమేరలోని కోనిలో కూర్చుని రాస్తున్నాను. బిలాస్‌పూర్ రైల్వే ఊరు, ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రం. రైల్వే ఉద్యోగాల వెంట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇక్కడ ఉన్నారు. మీ ఇంట్లో సిగ్నల్ శాఖలో పనిచేసేవాళ్లుంటే ట్రాక్ సర్క్యూట్ గురించి అడగండి. రెండు పట్టాల్లో చిన్న కరెంటు ప్రవహిస్తూ ఒక రిలేను పట్టి ఉంచుతుంది. బండి ఆ ముక్కమీదికి రాగానే ఇరుసులు రెండు పట్టాలనూ కలిపేస్తాయి, కరెంటు రిలేకు చేరదు, రిలే జారిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా అంతే. తీగ తెగినా అంతే. భారీ వర్షానికి కంకర తడిసి కరెంటు కారిపోయినా కొన్నిసార్లు అంతే. ప్యానెల్ ముందు కూర్చున్న స్టేషన్ మాస్టరుకు తెలిసేది 'దారి ఖాళీగా లేదు' అన్నంత మటుకే. అది బండా, వర్షమా అన్నది ఆ దీపం చెప్పదు. చెప్పకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే ప్రతి సందర్భాన్నీ బండి ఉన్నట్టుగానే భావించాలన్నది నియమం.

క్వాంటం కీ పంపిణీలోనూ సరిగ్గా ఇదే నియమం. తప్పు ఎందుకు వచ్చిందన్నది ఎవరూ విచారించరు. వచ్చిన ప్రతి తప్పునూ దొంగ చేసినదిగానే లెక్కగడతారు. ఇన్ని తప్పులు వచ్చాయంటే, వేగు ఎంత తెలివైనవాడైనా సరే, అతనికి తెలిసి ఉండగల సమాచారం ఇంతకు మించదని గణితం ఒక గరిష్ఠ హద్దు చెబుతుంది. తప్పులు సరిచేయడానికి కొన్ని బిట్లు ఖర్చవుతాయి. వేగుకు తెలిసి ఉండగల భాగాన్ని పిండేసి కీని కుదించడానికి మరికొన్ని పోతాయి. ఆదర్శ పరిస్థితిలో జల్లించిన 100 బిట్లకు, 1 శాతం దోషం ఉంటే 84 రహస్య బిట్లు మిగులుతాయి. 5 శాతం ఉంటే 43. 7 శాతం ఉంటే 27. 11 శాతానికి చేరేసరికి మిగిలేది సున్నా! ఈ 11 శాతం హద్దును షోర్, ప్రెస్కిల్ 2000లో సరళంగా నిరూపించి చూపారు.

కాబట్టి 'దొంగను పట్టుకుంటుంది' అన్న మాటకు ఈ శాస్త్రంలో అర్థం వేరు. సైరన్ మోగదు. దొంగ పేరు తెలియదు, ఎక్కడ కూర్చున్నాడో తెలియదు, ఉన్నాడో లేదో కూడా నిశ్చయంగా తెలియదు. తెలిసేది ఒక సంఖ్య. ఆ సంఖ్యే దోషశాతం.

ఇప్పుడు హైదరాబాదు ప్రకటనకు తిరిగి వద్దాం. ఆ ప్రయోగంలో బిట్లను ధ్రువణం మీద కాక కాలం మీద ఎక్కించారు. ఫోటాన్ ముందు గడిలో వచ్చిందా, వెనక గడిలో వచ్చిందా అన్నది ఒక పద్ధతి. రెండు గడుల్లోనూ సగం సగం ఉన్న స్థితుల్లో తరంగాల తేడా రెండో పద్ధతి. ఫైబర్ వంగినచోట, వేడెక్కినచోట ధ్రువణ దిశ మెల్లగా తిరిగిపోతుంది కాబట్టి నేలలో పాతిన తీగకు ఇది తగిన ఎంపిక. కాంతి నష్టం 10 డెసిబెల్స్ అన్న వివరమూ మెచ్చదగ్గదే. మంచి ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ నష్టం. ఆ లెక్కన 12 కిలోమీటర్లకు 2.4 చాలు. 10 అంటే పది ఫోటాన్లలో ఒక్కటే చేరుతుంది, మంచి తీగలో 50 కిలోమీటర్లు పంపినంత కష్టం. అంటే ఆ 12 కిలోమీటర్లను చూసి చిన్న ప్రయోగమని కొట్టిపారేయకూడదు.

కాని దోషశాతం 'తక్కువ' అని ఊరుకోవడం మాత్రం క్షమించరానిది. మూడో మనిషిని కనిపెట్టే శక్తి నిర్ధారితమైందని చెబుతూ, ఆ శక్తి మొత్తం ఏ సంఖ్యలో ఉందో దాన్నే చెప్పకపోవడం ఏమిటి? 1 శాతమూ 'తక్కువే', 9 శాతమూ 11 కంటే 'తక్కువే'. మొదటిదానిలో కీ పుష్కలంగా మిగులుతుంది, రెండోదానిలో నూటికి 13 బిట్లు. డాక్టరు రోగితో 'జ్వరం తక్కువే' అని చెప్పవచ్చు. కాని కేస్ షీట్‌లో డిగ్రీలు రాయాలి. ఆ దాడిని ఎలా పరీక్షించారో, దాడి లేనప్పుడు దోషమెంతో, దాడి చేసినప్పుడు ఎంతకు పెరిగిందో రెండు అంకెలు వేసి ఉంటే, దేశంలోని ప్రతి ఫిజిక్స్ విద్యార్థీ ఆ ప్రకటనను స్వయంగా పరీక్షించుకునేవాడు.

రెండో ప్రకటన 2022 ఫిబ్రవరిలో వచ్చింది. డి.ఆర్.డి.ఓ., ఢిల్లీ ఐ.ఐ.టి. కలిసి ఉత్తరప్రదేశ్‌లోని ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్‌ల మధ్య 100 కిలోమీటర్లకు పైగా, మార్కెట్లో దొరికే స్థాయి ఫైబర్ మీదే కీ పంపిణీ చేశాయి. ఇది నిస్సందేహంగా పెద్ద అడుగు. వేగం కూడా చెప్పారు: 10 కిలోహెర్ట్జ్ వరకు. సంతోషించేలోపల ఆ సంఖ్యకు ముందున్న విశేషణం చూడండి. అది 'జల్లించిన' కీ వేగం! పిండి జల్లించారు సరే, రొట్టెలు ఎన్ని అయ్యాయి? 10 కిలోహెర్ట్జ్ జల్లించిన కీలో రహస్య కీ ఎంత అన్నది మళ్లీ దోషశాతాన్నిబట్టే తేలాలి. 1 శాతమైతే ఆదర్శంగా సెకనుకు 8,000 బిట్లు దాటుతాయి. 11 అయితే ఒక్కటీ రాదు.

మూడోది 2025 జూన్ నాటిది. ఢిల్లీ ఐ.ఐ.టి. ఆవరణలో, ఫైబర్ లేకుండా గాలిలోనే, ఒకదానితో ఒకటి పెనవేసుకున్న జంట ఫోటాన్లతో కిలోమీటరుకు పైగా చేసిన ప్రయోగం. రహస్య కీ వేగం సెకనుకు సుమారు 240 బిట్లు, దోషం 7 శాతం లోపు అని ప్రకటించారు. పైకి చూస్తే 12, 100 కిలోమీటర్ల పక్కన 1 కిలోమీటరు వెలవెలబోతుంది. కిలోబిట్ల పక్కన 240 బిట్లు మరీ చిన్నవి. అయినా నా దృష్టిలో మూడు ప్రకటనల్లోనూ శాస్త్రీయంగా ఎక్కువ నిజాయితీ ఉన్నది దీనిలోనే. చిన్న సంఖ్యలైనా సరైన సంఖ్యలు ఇచ్చింది. మనం పైన వేసిన లెక్క పక్కన పెట్టి చూస్తే ఆ 7కూ 11కూ మధ్య ఎంత దూరముందో మనకే కనిపిస్తుంది.

అయితే దోషశాతం చెబితే చాలా? చాలదు. ఇక్కడ విషయం మరింత ఆసక్తికరంగా మారుతుంది. తప్పు ఒక్కటీ రాకుండానే వినే ఉపాయాలున్నాయి.

మొదటిది చూడండి. చాలా పరికరాల్లో ఫోటాన్లను ఒక్కొక్కటిగా పుట్టించరు. లేజర్ కాంతిని బాగా పలచబరిచి, సగటున పల్సుకు 0.1 ఫోటాన్ ఉండేలా చేస్తారు. సగటు 0.1 అంటే నూటికి 90 పల్సులు ఖాళీ, 9 పల్సుల్లో ఒకటి, వెయ్యికి సుమారు 5 పల్సుల్లో రెండు లేక అంతకు మించి ఫోటాన్లు ఉంటాయి. ఆ రెండున్న పల్సు నుంచి వేగు ఒకదాన్ని తన దగ్గర దాచుకుని రెండోది గోపికి వదులుతాడు. పద్ధతులు బహిరంగంగా చెప్పుకున్నాక తీరిగ్గా తనది కొలుచుకుంటాడు. తప్పు శాతం: సున్నా! ఒకే ఫోటాన్ ఉన్న పల్సులను కొన్నిటిని మింగేసి, దూరంవల్ల పోయాయన్న భ్రమ కల్పిస్తాడు. 2003లో హ్వాంగ్, 2005లో లో, మా, చెన్‌లూ, విడిగా వాంగ్ దీనికి విరుగుడు కనిపెట్టారు. రమ మధ్యమధ్య ప్రకాశం మార్చి ఎర పల్సులు వదులుతుంది. ఏది ఎరో వేగుకు తెలియదు. ఒక్కో రకం పల్సు ఎంత శాతం చేరిందో తరవాత లెక్క చూస్తే, వేగు చేతివాటం అక్కడ బయటపడుతుంది. ఇక్కడ దొంగను పట్టించేది తప్పుల లెక్క కాదు, చేరినవాటి లెక్క.

రెండోది ఇంకా గడుసుది. 2010లో వదీమ్ మకరోవ్, లార్స్ లీడర్సెన్ తదితరులు మార్కెట్లో అమ్ముతున్న రెండు కంపెనీల క్వాంటం పరికరాలను ఓడించి చూపారు. అవలాంచ్ డిటెక్టర్ మీద ఎడతెగకుండా ప్రకాశవంతమైన కాంతి పోస్తే అది ఒంటరి ఫోటాన్‌కు స్పందించే గుణం కోల్పోయి మామూలు ఫోటోడయోడ్‌లా పనిచేస్తుంది. ఒక స్థాయి దాటిన మెరుపుకే మోగుతుంది. ఇప్పుడు వేగు ఫోటాన్‌ను కొలిచి, తన పద్ధతిలో ఆ స్థాయిని కాస్త దాటే మెరుపు పంపుతాడు. గోపి అదే పద్ధతి ఎంచుకుంటే మెరుపంతా ఒకే డిటెక్టర్ మీద పడి మోగుతుంది. వేరే పద్ధతి ఎంచుకుంటే మెరుపు రెండు డిటెక్టర్లకు సగం సగం పంచుకుపోయి ఏదీ మోగదు. అంటే తప్పు రావలసిన ప్రతి సందర్భమూ 'ఫోటాన్ చేరలేదు'గా మారిపోతుంది. పాఠ్యపుస్తకం చెప్పిన 25 శాతం ఎక్కడికి పోయింది? మరుసటి సంవత్సరం ఇదే దాడిని సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో 290 మీటర్ల ఫైబర్ ఉన్న నిజమైన లంకె మీద చేసి, మొత్తం కీని వేగు చేతికి తెచ్చి చూపారు. రమ, గోపిలకు ఏ తేడా తెలియలేదు.

ఇక్కడ క్వాంటం సిద్ధాంతం ఓడిపోలేదు. పరికరం సిద్ధాంతంలో చెప్పినట్టు లేదు, అంతే. బ్రసార్డ్ తన మొట్టమొదటి ప్రయోగం గురించే ఇలాంటి చమత్కారం చెప్పాడు. 1989లో ఐ.బి.ఎమ్. ప్రయోగశాలలో 32 సెంటీమీటర్ల దూరానికి చేసిన ఆ ప్రయోగంలో ధ్రువణాన్ని మార్చే హై వోల్టేజి సరఫరా ఒక్కో స్థితికి ఒక్కో రకం చప్పుడు చేసేదట. పొంచి వినేవాడు చెవిటివాడైతేనే తమ యంత్రానికి పూర్తి భద్రత అన్నాడాయన!

డిటెక్టర్ మోసానికి కూడా విరుగుళ్లు వచ్చాయి. 2012లో లో, కర్టీ, చీ ప్రతిపాదించిన పద్ధతిలో డిటెక్టర్లను మధ్యలో మూడోవాడి చేతిలో పెట్టినా రహస్యం చెడదు. కాని హైదరాబాదు ప్రకటనలో చెప్పినవి అవలాంచ్ డిటెక్టర్లే. 2010 తరవాత పదేళ్లకు వచ్చిన ప్రకటన అది. 'మూడో మనిషిని కనిపెట్టగలం' అనేటప్పుడు ఏ మూడో మనిషి? ఫోటాన్ పట్టుకుని మళ్లీ పంపే పాఠ్యపుస్తకపు వేగా? జంట ఫోటాన్ దాచుకునేవాడా? డిటెక్టర్‌కు కళ్లు బైర్లు కమ్మించేవాడా? ముగ్గురికీ పరీక్షలు వేరు. ఆ ఒక్క వాక్యం అదనంగా రాస్తే రక్షణ రహస్యమేదీ బయటపడదు. ఈ దాడులన్నీ పత్రికల్లో అచ్చయినవే.

ఇక దూరం సంగతి. కోని నుంచి హైదరాబాదుకు ఒక ఫోటాన్ పంపుదాం. సరళరేఖలోనే 600 కిలోమీటర్లు దాటుతుంది. 600 అనే తీసుకున్నా, 120 డెసిబెల్స్ నష్టం. అంటే లక్ష కోట్ల ఫోటాన్లలో చేరేది ఒక్కటి. సెకనుకు వంద కోట్ల ఫోటాన్లు పంపగలిగినా ఒకటి చేరడానికి 17 నిమిషాలు పడుతుంది. ఈలోగా డిటెక్టర్ ఉత్తినే ఎన్నిసార్లు మోగుతుందో ఊహించుకోండి. మామూలు ఫైబర్‌లో అయితే మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టి కాంతిని పెంచుకుంటారు. ఇక్కడ అది కుదరదు. ఆంప్లిఫయర్ అంటే ప్రతి తీయడమే, వేగును ఆపిన సూత్రమే మనల్నీ ఆపుతుంది! రెండు చివర్ల నుంచీ కాంతి పంపి మధ్యలో కలిపే కొత్త పద్ధతిలో 2023లో చైనాలో 1,002 కిలోమీటర్ల ఫైబర్ దాకా వెళ్లారు. కాని ఆ దూరంలో కీ బొట్టు బొట్టుగా కూడా రాదు.

అందుచేత దూరపు లంకెలన్నీ మధ్యలో మజిలీలు వేసుకుంటాయి. 2017లో మొదలైన బీజింగ్-షాంఘై లంకె సుమారు 2,000 కిలోమీటర్లు, అందులో 32 కేంద్రాలు. ప్రతి కేంద్రంలోనూ కీని విప్పి, మళ్లీ కొత్త ఫోటాన్ల మీద ముందుకు పంపుతారు. ఆ క్షణంలో కీ మామూలు కంప్యూటర్లో మామూలు అంకెలుగానే ఉంటుంది. 2016లో చైనా ప్రయోగించిన 'మిషియస్' ఉపగ్రహం ద్వారా మరుసటి సంవత్సరం బీజింగ్, వియన్నాల మధ్య రహస్య వీడియో సమావేశం జరిగినప్పుడు కూడా ఉపగ్రహమే ఆ మజిలీ. దానికి ఇద్దరి కీలూ తెలుసు. మరి వేగు ఫైబర్ తాకడం ఎందుకు? 32 గదుల్లో ఒక గది తలుపు తీయగలిగితే చాలు. దోషశాతం కదలదు.

అమెరికా జాతీయ భద్రతా సంస్థ తమ కీలక వ్యవస్థలకు క్వాంటం కీ పంపిణీని సిఫారసు చేయడంలేదని బహిరంగంగా చెప్పడానికి చూపిన కారణాల్లో ఈ మజిలీల భద్రత ఒకటి. ఇంకొకటి, ఫోన్ అవతల ఉన్నది గోపియేనని రమకు తెలియాలంటే ముందుగానే ఇద్దరి మధ్య ఒక చిన్న రహస్యం ఉండాలన్నది. లేకపోతే వేగు రమకు గోపిగా, గోపికి రమగా నటించి ఇద్దరితోనూ తప్పులేని కీలు తయారుచేసుకుంటాడు. మూడోది రైల్లో గొలుసు లాగడం లాంటిది. వినాలన్న కోరిక లేనివాడు కూడా ఫైబర్‌ను కాస్త వంచి తప్పులు పెంచి కీ రాకుండా ఆపగలడు. ఆ సంస్థ మొగ్గు కొత్త గణిత పద్ధతుల వైపు. వాటిలో మొదటి ప్రమాణాలను 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ప్రకటించింది. నా మటుకు నేను ఆ వాదన మొత్తాన్ని ఒప్పుకోను. గణిత పద్ధతిలో ఈ రోజు దొంగిలించి దాచుకున్న సందేశాన్ని ఇరవై ఏళ్ల తరవాత కొత్త ఉపాయం దొరికితే విప్పవచ్చు. క్వాంటం కీలో, పంపిన రోజున పరికరాలు సరిగ్గా ఉంటే, రేపటి ఉపాయం నిన్నటి కీని తాకలేదు. ఆస్పత్రి రికార్డులకు, రక్షణ పత్రాలకు ఈ తేడా చిన్నది కాదు. కాని 'పరికరాలు సరిగ్గా ఉంటే' అన్న మాటను ఎవరు పరీక్షించి సంతకం పెడతారన్నది తేలాలి.

మన జాతీయ క్వాంటం మిషన్‌ను కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న ఆమోదించింది. 2030-31 వరకు 6,003.65 కోట్ల రూపాయలు. లక్ష్యాల్లో 2,000 కిలోమీటర్ల మేర నగరాల మధ్య కీ పంపిణీ ఒకటి. అంత దూరం ఒకే గంతులో పోదు కనుక ఆ దారిలో మజిలీ గదులు వస్తాయి. స్టేషన్లలో సిగ్నళ్ల రిలే గది ఎలా ఉంటుందో బిలాస్‌పూర్‌లో సిగ్నల్ శాఖవారి పిల్లలకు తెలుసు. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి స్టేషన్ మాస్టరు దగ్గర, రెండోది సిగ్నల్ మెయింటెయినర్ దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది, తెరిచిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. ఈసారి క్వాంటం లంకె ప్రకటన మీ చేతికి వచ్చినప్పుడు కిలోమీటర్ల సంఖ్య దాటి ముందుకు పోయి దోషశాతం ఎంతో, మిగిలిన రహస్య కీ ఎంతో, ఏ దాడులకు తట్టుకుందో వెతకండి. ఆ తరవాత మధ్యలో ఎన్ని గదులున్నాయో, వాటి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో అడగండి.